పోచంపల్లికి ఒకరోజు ట్రిప్: గైడ్‌తో వెళ్లాలా, మన కారులో మనమే పోవాలా?

కొండాపూర్_కృష్ణ | శుక్రవారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. నెలాఖరులో మా అక్కావాళ్లు బెంగళూరు నుంచి వస్తున్నారు. అమ్మానాన్న మా దగ్గరే ఉంటారు. అందరం కలిపి ఏడుగురం, అందులో పిల్లలు ఇద్దరు (తొమ్మిదేళ్లు, పదమూడేళ్లు). నాన్నకు మోకాళ్ల నొప్పులు. చార్మినార్, గోల్కొండ, ఫిల్మ్ సిటీ అన్నీ ఇంతకుముందే తిప్పాం. ఈసారి సిటీ బయటికి, పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరేలా ఎటైనా పోదామని అక్క అంటోంది.

ఇన్‌స్టాలో ఒక ట్రిప్ కనిపించింది. మినీ బస్సు, గైడ్, భోజనం కలిపి మనిషికి 2,400. పోచంపల్లి, భువనగిరి కోట, యాదగిరిగుట్ట, కొలనుపాక, పెంబర్తి. ఐదూ ఒక్కరోజులో చూపిస్తారట. నెలాఖరు ఆదివారం. ఎవరైనా ఇలాంటివాటికి వెళ్లారా? అంత డబ్బు పెట్టొచ్చా? లేక రెండు కార్లు వేసుకుని మనమే పోతే నయమా?

పల్లెవెలుగు | శుక్రవారం, రాత్రి 11:05

పల్లెటూరు చూడ్డానికి టికెట్టా! మాది నల్లగొండ దగ్గర ఊరు. మా ఊరికి రండి, ఏడుగురికీ ఉచితం. పొలం గట్టు మీద నడిపిస్తా, బావిలో ఈత నేర్పిస్తా, నాటుకోడి కూర పెట్టిస్తా. పదహారు వేల ఎనిమిది వందలు మిగుల్చుకోండి.

జోకు పక్కన పెడితే, పోచంపల్లికి ఆర్టీసీ బస్సే ఉంది. పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లకు టికెట్ కూడా లేదు. దిగాక అడ్రస్ అడిగితే ఎవరైనా చెప్తారు. మన తెలుగు మనకే చెప్పడానికి గైడ్ ఎందుకో నాకైతే అర్థం కాలేదు.

చారుమతి | శనివారం, ఉదయం 7:20

కృష్ణగారూ, సరిగ్గా ఇలాంటి ఐదు ఊళ్ల ట్రిప్‌కే పోయినేడాది మేం వెళ్లాం. సంస్థ పేరు చెప్పను. నా అనుభవం చెప్తాను, మీరే ఆలోచించుకోండి.

ఆరున్నరకు ఎక్కించుకుంటామన్నారు, బస్సు ఏడూ ఇరవైకి వచ్చింది. ఇంకో నాలుగు చోట్ల ఆగి ఎల్బీనగర్ దాటేసరికి తొమ్మిదయింది. పోచంపల్లిలో దిగగానే ఒక పెద్ద చీరల షాపులోకి తీసుకెళ్లారు. షాపు వెనకాల ఒకే ఒక్క మగ్గం. దాని ముందు ఒక పెద్దాయన కూర్చుని, మేం లోపలికి రాగానే నాలుగుసార్లు నాడె (అడ్డపోగును అటూ ఇటూ తీసుకెళ్లేది) ఆడించారు. మేం ఫోటోలు తీసుకోగానే ఆపేశారు. పది నిమిషాలు అది. తర్వాత యాభై నిమిషాలు చీరలు. మా అత్తగారు రెండు కొన్నారు, అది వేరే కథ.

భువనగిరిలో గుట్ట కిందే ఆగి, 'అదిగో కోట' అని చూపించి పదిహేను నిమిషాలు టీ తాగమన్నారు. యాదగిరిగుట్టలో దర్శనం క్యూ దగ్గరే రెండు గంటలు పోయాయి. కొలనుపాక చేరేసరికి చీకటి. పెంబర్తి అసలే చూపించలేదు. మేం అడిగితే 'దారిలో వస్తుంది కదా మేడం' అన్నారు!

లెక్కల_మాస్టారు | శనివారం, ఉదయం 8:02

కృష్ణా, నీ ఐదు ఊళ్ల లెక్క నేను వేశాను. కొండాపూర్‌లో బయలుదేరి మళ్లీ కొండాపూర్ చేరడానికి తక్కువలో తక్కువ రెండు వందల కిలోమీటర్ల పైమాటే. సిటీ ట్రాఫిక్‌తో కలిపి రోడ్డు మీదే ఆరేడు గంటలు. భోజనం, టీ, బాత్రూములు కలిపి రెండు గంటలు. ఉదయం ఏడు నుంచి రాత్రి తొమ్మిది వరకు పద్నాలుగు గంటలనుకుంటే నీకు మిగిలేది ఐదారు గంటలు. అందులో గుట్ట దర్శనానికే రెండు తీసెయ్. మిగతా నాలుగు ఊళ్లకు తలా గంట కూడా కష్టమే.

భువనగిరి కోట ఏకశిల. ఐదు వందల అడుగుల ఎత్తు, కొంత మెట్లు, కొంత నున్నటి రాయి. మోకాళ్ల నొప్పులున్న మనిషికి పనికిరాదు. ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ తాడు పట్టుకోవడం నేర్చుకుంది ఆ రాయి మీదే. మీ నాన్నగారికి అక్కడేం పని?

యాదగిరిగుట్టకు వెళ్లాలంటే దర్శనం కోసమే వేరే రోజు వెళ్లాలి. దేవుణ్ణి 'దారిలో' చూడకూడదు.

ఆసు_పోగు | శనివారం, ఉదయం 11:45

పోచంపల్లి మాది. మూడు తరాలుగా ఇంట్లో మగ్గం ఉంది. నేను గచ్చిబౌలిలో కంప్యూటర్ ముందు కూర్చుంటా, నాన్న ఇంకా నేస్తాడు. కృష్ణన్నా, ముందు క్యాలెండర్ తీసి చూడు. నువ్వు చెప్పిన ఆదివారం అమావాస్య! మా ఇళ్లల్లో అమావాస్యకు మగ్గం ఆపుతారు. నెలంతా కూర్చున్న మనిషికి అదే సెలవు. ఆ రోజు వస్తే నీకు షాపులు తప్ప ఏం కనిపించవు. ఈ సంగతి ఆ ట్రిప్‌వాళ్లకు తెలియదంటే వాళ్లు ఎవరి ఇంటికీ తీసుకుపోరని అర్థం.

ఇంకోటి వాన. మావి గుంట మగ్గాలు. కాళ్లు పెట్టే గుంటలో వానాకాలం ఊట నీళ్లు వస్తాయి, ముసురు పట్టిందంటే పని సాగదు. రంగేసిన నూలు ఆరదు. పైగా మా ఊరి నుంచి బీబీనగర్ వైపు పోవాలంటే మూసీ దాటాలి. వరద ఎక్కువైతే ఆ దారిలో రాకపోకలు ఆపేస్తారు. సిటీ మురికంతా మోసుకొచ్చే ఏరే కదా, నురగ, వాసన ఉంటాయి. మీ పిల్లలకు అదీ చూపించండి, వాళ్లింటి నీళ్లు ఎటు పోతాయో తెలుస్తుంది.

పల్లెవెలుగన్న గైడ్ ఎందుకన్నాడు. చెప్తా. చీర ఒక ఇంట్లో తయారవదు. ఒక ఇంట్లో ఆసు పోస్తారు (పోగును మేకుల చట్రం మీద చుట్టడం), ఒక ఇంట్లో చిటికి కడతారు (రంగు అంటకూడని చోట పోగులకు కట్లు వేయడం), రంగు ఇంకో చోట, నేత మరో చోట. మొత్తం ఒకే ఇంట్లో జరిగినా ఒకే రోజు జరగదు. ఒక వార్పుకు (మగ్గానికి ఒకసారి ఎక్కించే నిలువు పోగులు) ఏడెనిమిది చీరలు వస్తాయి, అది మొదలుపెట్టి ముగించేసరికి వారాలు గడుస్తాయి. ఇవాళ ఎవరింట్లో ఏ పని నడుస్తోందో తెలిసిన మనిషి ఉంటే రెండు గంటల్లో మొత్తం వరస చూడొచ్చు. లేకపోతే మెయిన్ రోడ్డు మీద షాపుల్లో తిరిగి పోతారు. ఆ తెలిసిన మనిషే గైడ్. తెలుగు వచ్చా రాదా అన్నది కాదు విషయం.

పల్లెవెలుగు | శనివారం, మధ్యాహ్నం 12:30

తమ్మీ, అమావాస్య సంగతి నాకూ తెలియదు, ఒప్పుకుంటున్నా. కానీ ఒకటి అడుగుతా, ఏమనుకోకు. డబ్బులు కట్టి ఒకరి ఇంట్లోకి పోయి, వాళ్లు పనిచేస్తుంటే చుట్టూ నిలబడి చూడటం... జూకి పోయినట్టు ఉండదా? మీ నాన్నకు ఎట్లా ఉంటుంది?

ఆసు_పోగు | శనివారం, మధ్యాహ్నం 1:15

మంచి ప్రశ్నే అన్నా. నాన్ననే అడిగా. నవ్వాడు. 'ఉత్తగా వచ్చి గంట కూర్చుని, పోగులు ముట్టుకుని, మంచినీళ్లు తాగి, పేరు కూడా అడగకుండా పోయేవాళ్లే ఎక్కువ. వాళ్లకన్నా పైసలిచ్చి కూర్చునేవాళ్లు నయం' అన్నాడు. పని గంట ఆగితే ఆ గంట మా నష్టమే. 2021లో మా ఊరికి ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ నుంచి ఉత్తమ పర్యాటక గ్రామం గుర్తింపు వచ్చింది. సంతోషమే. జనం పెరిగారు. కానీ వచ్చిన డబ్బు మెయిన్ రోడ్డు దాటి మగ్గం దాకా రావాలంటే ఎవరో ఒకరు తీసుకురావాలి కదా.

అమ్మకు మాత్రం కొంచెం చిరాకు. చిటికి కట్టేటప్పుడు పోగుల లెక్క ఉంటుంది. మధ్యలో ఎవరైనా 'ఆంటీ ఇటు చూడండి' అని ఫోటో తీస్తే లెక్క తప్పుతుంది. మళ్లీ మొదటి నుంచి.

దారి_దీపం | శనివారం, సాయంత్రం 6:10

నేను గైడ్ పనే చేస్తాను కాబట్టి లోపలి లెక్కలు చెప్తా. చదివి నన్ను తిట్టుకోకండి.

తక్కువ ధర ట్రిప్‌లు ఎలా గిట్టుబాటవుతాయంటే, షాపు నుంచి కమీషన్ వస్తుంది. మీరు కొన్నదాంట్లో కొంత శాతం గైడ్‌కు, కొంత డ్రైవర్‌కు. అందుకే చారుమతిగారికి మగ్గం పది నిమిషాలు, షాపు యాభై నిమిషాలు. ఆ గైడ్ చెడ్డవాడని కాదు, అతని రోజు కూలి ఆ షాపులోనే ఉంది. కమీషన్ తీసుకోని గైడ్ కావాలంటే ఫీజు ముందే ఎక్కువ ఉంటుంది. మీరు రెండుచోట్లా కట్టరు, ఏదో ఒకచోట కడతారు. అంతే తేడా.

కృష్ణగారు ఫోన్ చేసినప్పుడు 'ఏమేం చూపిస్తారు' అని అడక్కండి, అది పోస్టర్ మీదే ఉంటుంది. 'పోచంపల్లిలో ఎన్ని గంటలు ఆగుతారు, అందులో షాపు ఎంతసేపు, ఎవరింటికి తీసుకెళ్తారు, ఆ ఇంటికి మీరు ఎంత ఇస్తారు' అని అడగండి. చివరి ప్రశ్నకు ఎవరైనా తడుముకుంటే ఫోన్ పెట్టేయండి.

ఏడుగురున్నారు కాబట్టి బస్సులో సీట్లు కొనక్కర్లేదు. మీ బండి మీరు పెట్టుకుని, పోచంపల్లిలో గైడ్‌ను మాత్రం మాట్లాడుకోండి. ఇంకో ఊరు కలపాలంటే కొలనుపాక కలపండి, ఆలేరు దగ్గర. జైన మందిరంలో ఆకుపచ్చ రాతి మహావీరుడి విగ్రహం ఉంది, సోమేశ్వరాలయం ఉంది, పెద్దవాళ్లు ఎక్కి దిగే బాధ పెద్దగా ఉండదు. లేదా పుట్టపాక. తేలియా రుమాలు అనే చేనేత బట్ట అక్కడ నేస్తారు. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి తీస్తారు. చేతిలోకి తీసుకుంటే ఇప్పటికీ ఆ నూనె వాసన వస్తుంది. నా లెక్కలో రెండిటికి మించి వద్దు.

చారుమతి | శనివారం, సాయంత్రం 6:45

ఆ రెండు చీరల కథ చెప్పేస్తాను, ఎలాగూ పరువు పోయింది. పట్టు ఇక్కత్ అని మూడేసి వేలకు ఇచ్చారు. ఇంటికొచ్చి తిప్పి చూస్తే వెనకవైపు రంగు వెలిసినట్టుంది. ప్రింటు! అత్తగారు ఇప్పటికీ 'పోచంపల్లి చీర' అనే కట్టుకుంటారు. ఎవరూ నోరు మెదపం.

ఆసు_పోగు | శనివారం, రాత్రి 9:00

అయ్యో అక్కా. మూడు వేలకు పట్టు ఇక్కత్ రాదు, పట్టు ఖరీదే అంతకన్నా ఎక్కువ.

చూడటం తేలికే. ఇక్కత్‌లో బట్ట నేయకముందే పోగుకు రంగు పడుతుంది, కాబట్టి రెండువైపులా ఒకేలా ఉంటుంది. అంచుల దగ్గర రంగు కొంచెం పాకినట్టు, గీత వణికినట్టు ఉంటుంది. గీత కత్తితో కోసినట్టుంటే అనుమానించు. కొంగు చివర పోగు ఒకటి లాగి చూస్తే, పోగు మీదే రంగు మారుతూ ఉండాలి. హ్యాండ్లూమ్ మార్క్, సిల్క్ మార్క్ ఉన్నాయేమో అడుగు. బిల్లు మీద చేనేత అని రాయించుకో. రాయనంటే అర్థమైపోతుంది.

కొండాపూర్_కృష్ణ | ఆదివారం, ఉదయం 9:30

ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. ఐదు ఊళ్ల ట్రిప్ రద్దు. అమావాస్య అని చెప్పగానే అమ్మ కూడా 'ఆ రోజు ప్రయాణమే వద్దు' అంది, కాబట్టి ఇంట్లో యుద్ధం లేకుండా తేలిపోయింది. ముందు రోజు శనివారం పోతున్నాం. దారి_దీపం గారికి మెసేజ్ పెట్టాను. ఒక్క ప్రశ్న: భోజనం, బాత్రూములు?

లెక్కల_మాస్టారు | ఆదివారం, ఉదయం 9:50

హైవే మీద టిఫిన్ చేసి, అక్కడే బాత్రూముకు వెళ్లి, అప్పుడు ఎడమకు తిరగండి. ఊళ్లోకి వెళ్లాక వెతుక్కోవడం పెద్దవాళ్లకు కష్టం. పెరుగన్నం ఒక డబ్బా కట్టుకోండి. పెరుగన్నంతో పాడైన ట్రిప్ నేను చూడలేదు.

కొండాపూర్_కృష్ణ | పై వారం, సోమవారం, రాత్రి 9:15

వెళ్లొచ్చాం. ఎవరూ అడగలేదు కానీ రిపోర్టు రాస్తున్నా. కొంచెం పెద్దది, ఓపిక ఉంటే చదవండి.

ఆరుంబావుకు బయలుదేరాం. హయత్‌నగర్ దాటాక ఇడ్లీ. తొమ్మిదిలోపే పోచంపల్లిలో ఉన్నాం. గైడ్ (దారి_దీపం గారికి వేరే పని పడి తన స్నేహితుణ్ణి పంపారు) ముందు వినోబా మందిరం దగ్గరికి తీసుకెళ్లి కథ మొదలుపెట్టాడు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే నడుచుకుంటూ ఈ ఊరొచ్చారు, భూమి లేని దళితులు ఎనభై ఎకరాలు కావాలని అడిగారు, వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నారు, అలా భూదానోద్యమం మొదలైంది అని చెప్పాడు.

అక్కడ మా నాన్న అందుకున్నారు. ముప్ఫై ఏళ్లు రెవెన్యూలో చేసిన మనిషి. 'ఇవ్వడం వరకు చెప్పావు బాబూ, తర్వాత ఆ భూములకు ఏమైందో చెప్పవేం' అని, దానపత్రాలు, సరిహద్దులు, చేతులు మారడాలు, కోర్టు కేసులు, నలభై నిమిషాలు! అక్క నా వైపు చూసి తల పట్టుకుంది. గైడ్ మాత్రం చిన్న నోటుబుక్కు తీసి రాసుకున్నాడు. మోకాళ్ల నొప్పి సంగతి నాన్న ఆ రోజంతా ఎత్తలేదు.

తర్వాత ఇళ్లు. మొదటి ఇంట్లో ఆసు. అర్ధచంద్రాకారంలో మేకులు కొట్టిన చట్రం, దాని మీద పోగును అటూ ఇటూ తిప్పుతూ పోస్తారు. చేత్తో అయితే ఒక్క చీరకు చెయ్యి సుమారు తొమ్మిది వేల సార్లు ఆడాలట. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక దానికి మెషీన్ తయారు చేసి, అమ్మ పేరు మీదే లక్ష్మీ ఆసు యంత్రం అని పెట్టారని చెప్పారు. 2017లో పద్మశ్రీ ఇచ్చింది దానికే. మేం చూసిన ఇంట్లో మెషీన్ ఉంది, పాత చట్రం గోడకు ఆనించి ఉంది. మా అమ్మ దాని మీద పోస్తానని పట్టుబట్టింది. యాభై సార్లు తిప్పి కూర్చుండిపోయింది. ఆ ఇంటావిడ, అమ్మ ఇద్దరూ ఆ తర్వాత భుజాలకు ఏ నూనె రాయాలో మాట్లాడుకున్నారు. మేం రెండో ఇంటికి వెళ్లి వచ్చేదాకా వాళ్ల కబుర్లు తెగలేదు.

రెండో ఇంట్లో చిటికి. సైకిల్ ట్యూబును సన్నటి పట్టీలుగా కోసి, రంగు అంటకూడని చోట పోగులకు బిగించి కడతారు. ముంచి, ఆరబెట్టి, విప్పి, మళ్లీ వేరేచోట కట్టి, మళ్లీ ముంచుతారు. డిజైన్ అంతా గ్రాఫ్ కాగితం మీద గళ్లుగా వేసుకున్నారు. మా పెద్దోడు ఆ కాగితం పట్టుకుని కదల్లేదు. ఏ గడి ఏ పోగో వాళ్లను అడిగి అడిగి చంపాడు. లెక్కల మాస్టారూ, మీ మనిషి దొరికాడు. ఆవిడ లెక్క పెడుతున్నప్పుడు మాత్రం ఫోటోలు తీయనివ్వలేదు, ఆసు_పోగు చెప్పింది గుర్తుంది.

మూడో ఇల్లు మీరు ఊహించిందే. ఆసు_పోగు వాళ్లది. అమ్మకు చెప్పి పెట్టాడట, చాయ్ ఇచ్చారు, డబ్బులు వద్దన్నారు. గైడ్ ఒప్పుకోలేదు. 'ఇవాళ మీరు వద్దంటే రేపు నేను తెచ్చేవాళ్లూ ఇవ్వరు' అని చేతిలో పెట్టాడు. వాళ్ల నాన్నగారు గుంటలో కాళ్లు పెట్టి మా చిన్నదాన్ని పక్కన కూర్చోబెట్టుకున్నారు. పడుగు (నిలువు పోగులు) మీద డిజైన్‌కు పేక (అడ్డపోగులు) మీద డిజైన్ సరిగ్గా కలవాలి, డబుల్ ఇక్కత్ అంటే అదే. ప్రతి పేకకూ ఆగి, వేలితో కొంచెం జరిపి, అప్పుడు కొడుతున్నారు. గంటలో బెత్తెడు కూడా నేయలేదు. అక్క అక్కడే, ఆ మగ్గం మీద ఉన్న వార్పులోనే ఒక చీర చెప్పుకుంది. ఇంకా పుట్టని చీరకు అడ్వాన్స్ ఇచ్చిన మనిషిని మొదటిసారి చూశా.

ఒంటిగంటకు కొలనుపాక వైపు బయలుదేరాం. నిజం చెప్పాలంటే అది కొంచెం హడావుడి అయింది, అందరికీ నిద్రలు. మహావీరుడి విగ్రహం బాగుంది, అంతే రాయగలను. మళ్లీ పోతే ఒక్క పోచంపల్లే పెట్టుకుంటా.

బండికి, గైడ్‌కు, మూడు ఇళ్లకు, తిండికి కలిపి ఆ మినీ బస్సు కన్నా వెయ్యి ఎక్కువే అయింది (అక్క చీర లెక్కలో లేదు, బావ అడగొద్దన్నాడు).

పల్లెవెలుగు | సోమవారం, రాత్రి 9:40

వెయ్యి ఎక్కువా! నాటుకోడి కూర అలాగే ఉంది కృష్ణా.

చారుమతి | సోమవారం, రాత్రి 10:02

నాన్నగారి నలభై నిమిషాలు రికార్డు చేశారా? గైడ్ ఫీజులో సగం ఆయనకు ఇవ్వాల్సింది.

కొండాపూర్_కృష్ణ | మంగళవారం, ఉదయం 7:55

రికార్డు చేయలేదు, కానీ గైడ్ నాన్న నంబర్ తీసుకున్నాడు. నిన్న రెండుసార్లు ఫోన్ చేశాడు. నాన్న బాల్కనీలోకి వెళ్లి తలుపేసుకుని మాట్లాడుతున్నారు.

ఆసు_పోగు తమ్ముడూ, ఒక ఫిర్యాదు. చిటికి ఇంట్లో మా చిన్నది సొంతంగా ఒక రుమాలు కట్టి, ఎరుపులో ముంచుకొచ్చింది కదా. నిన్న చెప్పకుండా వాషింగ్ మెషీన్‌లో వేసింది. మా ఆవిడ తెల్ల చుడీదార్, నా రెండు చొక్కాలు ఇప్పుడు గులాబీ రంగు.

ఆసు_పోగు | మంగళవారం, ఉదయం 8:20

అన్నా, ఆవిడ చెప్పే ఉంటుంది, మొదటి మూడుసార్లు చన్నీళ్లలో విడిగా జాడించాలని! పిల్ల తొందరలో రంగులో ఎక్కువసేపు ఉంచలేదేమో కూడా. చొక్కాలకు నేనేం చేయలేను. రుమాలు పారేయొద్దు, మళ్లీ వచ్చినప్పుడు తీసుకురమ్మను, అమ్మ దగ్గర కూర్చోబెట్టి సరిగ్గా కట్టిస్తా. అక్క చీర ఆ వార్పులో నాలుగోది. రెండోది నడుస్తోంది. వానలు తగ్గితే త్వరగా అవుతుంది.

పల్లెవెలుగు | మంగళవారం, ఉదయం 8:31

వచ్చే నెల అమావాస్య ఏ వారం పడింది? ఊరికే అడుగుతున్నా.